నాలుగు బై మూడు

హన్మకొండ చౌరస్తా కాడ, మెట్ల కింద నా దుకాణం.
రెండు కుర్చీలు. ఒకటి నాది,
ఇంకోటి తొందరలో ఉన్నోళ్లది.
తొందర లేనోడు ఇంతవరకు ఎవ్వడు రాలే.

పొద్దుగాలనే అన్న మనుషులొచ్చిన్రు.
రేపు అన్న పుట్టినరోజు.
ఒకడు స్క్రీన్ మీద ఏలు వెట్టి కొలుస్తడు:
"మనన్న తలకాయ కన్న జిల్లా అన్నది
అరంగుళం పెద్దగుండాలె,
పట్నం అన్నది ఇంకో అరంగుళం."
కిందికొచ్చేసరికి వీళ్లందరి తలకాయలు
శనగ గింజలంత.
కొసకున్న పిలగాడు, పదిహేడేండ్లుంటయేమో,
ఎవ్వరికి ఇనవడకుండ నా చెవుల అడిగిండు
"మీసం జర నల్లగ చేస్తవా అన్నా".
చేసిన.
దానికి పైసలు తీసుకోలే.

వెనుక తోరణం వెయ్యమన్నరు.
అందరికి తోరణమే కావాలె,
చిట్‌ఫండుకు, కోచింగ్ సెంటరుకు, బిర్యానీ పాయింటుకు.
ఎన్నడో కత్తిరించి దాసుకున్న,
ఎనిమిది వందల ఏండ్ల రాయి
నా ఫోల్డర్ల రెండు ఎంబీలు.
అది చెక్కినోన్ని గూడ ఎవడో ఒకడు
అడిగే ఉంటడు, "హంస జర పెద్దగ" అని.

నాకు పని నేర్పింది గోడలు రాసే మొగిలి సారు.
"అక్షరం పక్కన జాగ ఇడువాలెరా,
దానికి గూడ ఊపిరాడాలె" అనెటోడు.
ఇప్పుడు జాగ ఇడిస్తే
"అడుగు లెక్కన పైసలిస్తున్నం గద,
ఖాళీకి గూడ ఇయ్యాల్నా?" అంటరు.
నింపుత.
పువ్వులు, మెరుపులు, చేతులు జోడించిన ఇంకో ఇద్దరు.

పగటీలి ఒకామె వచ్చింది.
ఆమె కన్న ముందు మిరపకాయ ఘాటు వచ్చింది.
ఎనుమాముల మార్కెట్ల ఊడుస్తదట.
ఆయన అండ్లనే హమాలీ.
ఎల్లుండి దినాలు.
"ఒక్కడే దిగిన ఫోటో లేదు బిడ్డా,
ఆధార్ కార్డుల ఉన్నడు గని
అండ్ల ఆయన లెక్కనే లేడు."
దస్తీల చుట్టిన ఫోటో తీసింది,
మరిది పెండ్లిల దిగింది.
ప్లాస్టిక్ కుర్చీల ఆయన, చుట్టూత ఇరవై మంది,
భుజమ్మీద ఎవలిదో చెయ్యి.

చెవి కాడ మొదలువెట్టిన.
మెడ, కాలరు,
ఏళ్ల కాడికొచ్చి ఆగిన. నాలుగేళ్లు, రెండు పచ్చ గాజులు.
తీసేసిన.
బొక్క వడ్డ కాడ ఎడమ భుజం తిప్పి అతికిచ్చిన,
అంగీకి ఇస్త్రీ చేసినట్టు సాపయింది.
మబ్బులు వెట్టిన, దీపం వెట్టిన, దండేసిన.
మంచిగొచ్చిందనుకున్న, నిజం చెప్పాలంటే.

ఆమె చానసేపు సూసింది.
"గీ భుజం ఆయనది గాదు."
"ఆయనదే అవ్వా."
"గాదు. బస్తాలు మోసి మోసి కుడిది దిగింది.
నువ్వు ఎడమది తెచ్చి వెట్టినవ్."

ఎన్ని కరెక్షన్లు ఇన్న ఈ కుర్చీల కూసొని,
ఎరుపు ఇంకింత ఎర్రగ, పేరు ఇంకింత లావుగ.
ఒక్కడన్న ఉన్నదున్నట్టు వెట్టుమనలే.

వెనక్కి, వెనక్కి, వెనక్కి నొక్కిన.
భుజం దిగింది.
దానితోని చెయ్యి గూడ తిరిగొచ్చింది.
"ఇదెవలిదవ్వా? తీసెయ్యాల్నా?"
ఆమె ఏమనలే, చెయ్యి బల్ల మీద వెట్టింది.
అదే చెయ్యి. గాజులు అదే రంగువి,
ఎల్లుండి దాక.

దండ చెయ్యి మీదికెల్లి వెయ్యాల్నా, కిందికెల్లా
అనడిగిన. పని మాటే అది,
ఏ పొర పైన, ఏ పొర కింద అని.
ఆమె మా పెద్దగ ఆలోచించింది.
"కిందికెల్లి" అన్నది.

నాలుగు బై మూడు, పన్నెండు అడుగులు.
నోట్లు ఎర్రగున్నయి, మడతల్ల కారం.

రాత్రి అన్న పుట్టినరోజుది, ఆయనది
ఒకటే రోల్ మీద ఎక్కించిన.
మిషన్ గీత గీతగ దించుతది:
ముందు నెత్తి, నొసలు, చెవి,
దిగిన భుజం, దాని మీద
నాలుగేళ్లు
తడితడిగ.
తుమ్మొచ్చింది నాకు.